దసరా తర్వాత మెరుపు పెరిగింది

ఆ రోజుల్లో నాకు అంకెల మీద ఉన్నంత నమ్మకం మనుషుల మీద ఉండేది కాదు. ఎవరేం చెప్పినా ముందు అనుమానించి, తర్వాత వినేదాన్ని. అదే ఒక చిన్న తెర మీద రెండంకెలు వెలిగితే మాత్రం చేతులు కట్టుకుని నిలబడేదాన్ని. డిప్లొమా చేతికొచ్చి ఎక్కువ కాలం కాలేదు మరి. (చదువు కూడా కొత్త చెప్పుల్లాంటిదే. కొత్తలో నడిచినంతసేపూ చప్పుడు చేస్తుంది, పాతబడితే గానీ కాలికి సర్దుకోదు.) ఆ చప్పుడు చేసుకుంటూనే వనపర్తి నుంచి పాన్‌గల్ పోయే తోవలో ఉన్న ఒక బీరువాల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి చేరాను. ఫ్యాక్టరీ అన్నానని పెద్దగా ఊహించుకోకండి. రెండు రేకుల షెడ్లు, రంగు ఆరబెట్టే బట్టీ ఒకటి, రోజంతా దగ్గే కంప్రెసర్ ఒకటి, చాయ్ తాగడానికి గుమ్మం ముందు ఒక సిమెంటు దిమ్మె. అంతే. ఉద్యోగం పేరు మాత్రం క్వాలిటీ ఇంజనీర్. మా చిన్నాయన ఆ పేరును గద్వాలలో మా వీధి చివరిదాకా చెప్పొచ్చాడు. మా నాన్న మగ్గం మీద నుంచి తలెత్తకుండానే "పండుగలకన్న ఇడుస్తరా?" అని అడిగాడు. ఆ ప్రశ్న ఎంత ముఖ్యమైనదో అప్పుడు నాకు తెలియలేదు.

నేను రాకముందు అక్కడ నాణ్యత చూసేది రంగులన్న మీసం. రంగులన్న అంటే మా స్ప్రే పెయింటరు. అసలు పేరు ఉండేది గానీ జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు. బట్టీలోంచి తలుపు బయటికొచ్చి చల్లారాక ఆయన దాని ముందు నిలబడి, జేబులోంచి దువ్వెన తీసి, తలుపులో చూసుకుంటూ మీసం దువ్వుకునేవాడు. మీసంలో తెల్ల వెంట్రుక కనబడితే తలుపు పాసు. కనబడకపోతే ఇంకో కోటు. మా సేటు పద్ధతి వేరు. ఆయన తలుపును కొంచెం వంచి, అందులో పడిన ట్యూబులైటు నీడను ఒక కన్ను మూసి చూసేవాడు. నీడ వంకర తిరగకపోతే పాసు. ఈ రెండు పరీక్షలు దాటే మా బీరువాలు కొత్తకోటకీ, పెబ్బేరుకీ, అమరచింతకీ ఆటోట్రాలీలెక్కి పోయేవి. మా దిక్కు బీరువా అంటే మెరవాలి. ఇంటికొచ్చిన చుట్టాలు దాని ముందు నిలబడి బొట్టు సర్దుకోగలగాలి. అంతకు తక్కువైతే అది బీరువా కాదు, రేకుడబ్బా.

అలాంటి చోటికి హైదరాబాద్ నుంచి ఒక ఆర్డరు వచ్చింది. కొత్తగా కడుతున్న ఒక పెద్ద దవాఖానలో నర్సమ్మల గదులకు బీరువాలు. మొదట కొన్ని చేసి చూపించాలి. అవి నచ్చితే దవాఖాన మొత్తానికీ మేమే చేయాలి. సేటు ఆనందంగా షరతులు చదువుతూ ఒకచోట ఆగిపోయి కళ్ళజోడు తుడుచుకున్నాడు. తలుపుల మెరుపు మీటరు మీద అరవై దగ్గర ఉండాలట. ఐదు అటైనా ఇటైనా ఫరవాలేదు. అంతకంటే తగ్గితే వాపసు, పెరిగినా వాపసు.

"తగ్గితే వాపసంటే సమజైతది బిడ్డా," అన్నాడు సేటు. "ఎక్కువ మెరిస్తే వాపసేంది? బంగారం జర ఎక్కువ మెరుస్తుందని ఎవరన్న వాపసిస్తరా?"

రాత్రంతా లైట్ల కింద పనిచేసేవాళ్ళకు ఆ వెలుగు తలుపుల మీద పడి కళ్ళల్లోకి కొట్టకూడదని, అందుకే మధ్యరకం మెరుపు అడుగుతున్నారని నేను కొత్త చెప్పుల చప్పుడుతో వివరించాను. రంగులన్న అంతా విని, "అంటే నా మీసం సగమే కనబడాల్నా?" అన్నాడు. అంతే అన్నాను. "ఏ సగం?" అన్నాడు.

చివరికి ఆయన రంగులో మెరుపు తగ్గించే పొడిని రకరకాల పాళ్ళలో కలిపి, అరచేతంత రేకుముక్కల మీద కొట్టి హైదరాబాద్ పంపాడు. వాళ్ళు వాటిలో ఒకదాన్ని ఎంచి, వెనకవైపు యాభై తొమ్మిది అని రాసి, సంతకం పెట్టి తిప్పి పంపారు. తలుపులన్నీ దీనిలా ఉంటే చాలన్నారు. ఆ ముక్కకు గీత పడకుండా, దుమ్ము తగలకుండా మా అమ్మ పాత చీరె చింపిన మెత్తటి పేటు ఒకటి చుట్టి నా సొరుగులో దాచుకున్నాను. ఇక మెరుపును కొలిచే మీటరు కొనాలి. మీసముండగా మీటరెందుకని సేటు కొంతకాలం బెట్టుచేసి, ఆ తర్వాత ఒప్పుకుని, ఒప్పుకుంటూ ఒక మాట అన్నాడు. "ఆర్డర్ నిలబడితే మీటరూ ఉంటది, నువ్వూ ఉంటవు. లేకుంటే ఇద్దరికీ ఒక్కటే బస్సు." నవ్వుతూనే అన్నాడు. కానీ నన్ను చేర్చుకున్నప్పుడే కొన్నాళ్ళు చూద్దామన్న మనిషి కాబట్టి ఆ నవ్వు నాకు నవ్వులా వినబడలేదు. బస్సు అన్న మాట మాత్రమే చెవిలో ఉండిపోయింది.

హైదరాబాద్‌లో దుకాణం ఆయన బల్ల మీద మీటర్లు పరచగానే సేటు మొహం వాడిపోయింది. ఆయన కనీసం ఫ్రిజ్ అంతదైనా ఉంటుందనుకున్నాడు. ఆఫీసులో పెడితే వచ్చినవాళ్ళు చూసి ఇదేందని అడగాలి కదా. "ఇది సబ్బుపెట్టెంత లేదు," అన్నాడు. దుకాణం ఆయన ఓపికగా చెప్పాడు. మీటరు కింద ఉన్న సందులోంచి వెలుగు ఏటవాలుగా పోయి తలుపు మీద పడుతుంది. అంతే ఏటవాలుగా అవతలికి ఎంత తిరిగొస్తే అంత మెరుపు. అద్దంలా మెరిసేవాటికి వెలుగును నిటారుగా కొట్టే మీటరు కావాలి. మసకవాటికి బాగా వాల్చి కొట్టేది కావాలి. మధ్యరకానికి అరవై డిగ్రీలది చాలు. మూడూ ఒకదాంట్లోనే ఉన్నది కూడా ఉంది, ఇదిగో. సేటు కళ్ళు దాని మీద నిలిచాయి. "మూడు కండ్లున్నదాన్నే తీస్కుందాం. శివుని లెక్క ఉంటది," అన్నాడు. మన తలుపులు ఎప్పుడూ మధ్యరకంలోనే ఉంటాయి, రెండు కళ్ళు ఊరికే మూసుకుని కూర్చుంటాయి, వాటికి పెట్టేది వృథా అని నేను ఆయన చెవిలో పోరుపెట్టి ఒంటికన్ను మీటరే కొనిపించాను. మీటరుతోపాటు అగ్గిపెట్టెంత నల్లటి అద్దంముక్క ఒకటి ఇచ్చారు. దాని మెరుపు ఎంతో ముందే కొలిచి దాని మీద రాసి ఉంటుంది. రోజూ పొద్దున మీటరును దాని మీద పెట్టి మీట నొక్కితే, ఓహో ఇంత మెరిస్తే ఇంత అంకె అని మీటరు గుర్తుచేసుకుంటుందట. "అంటే ఇది మీటరుకు పంతులు," అన్నాడు సేటు. అంతేనన్నాడు దుకాణం ఆయన. పంతులు శుభ్రంగా ఉండాలి, వేలిముద్ర కూడా పడకూడదని చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. ఎందుకంటే సేటు మీటరును తన బట్టతల మీద పెట్టుకుని మీట నొక్కాడు. పన్నెండు వచ్చింది. "చదునుగా ఉన్నచోటే పెట్టాలి సార్. గుండ్రంగా ఉంటే వెలుగు పక్కకు పోతుంది," అన్నాడు దుకాణం ఆయన. సేటు చాలా నొచ్చుకున్నాడు. దారి పొడుగునా, "నేను ఇంకా ఎక్కువే వస్తదనుకున్న," అంటూనే ఉన్నాడు.

మీటరు వచ్చాక ఫ్యాక్టరీలో ఎవరూ దేన్నీ ఊరికే చూడడం మానేశారు. టిఫిన్ డబ్బా మూతలు కొలిచారు, ఫోన్లు కొలిచారు, సేటు మోటర్‌సైకిల్ ట్యాంకు కొలిచారు (గుండ్రంగా ఉంది, తక్కువొచ్చింది, సేటు మళ్ళీ నొచ్చుకున్నాడు). అందరికంటే ఎక్కువ మారింది రంగులన్న. మీసం పరీక్షకు అలవాటుపడినవాడు మీటరును పగబడతాడని నేను భయపడ్డాను. ఆయనేమో దువ్వెనను ఇంట్లో వదిలేసి రావడం మొదలుపెట్టాడు. మీటరును రెండు చేతులతో పట్టుకుని తెచ్చేవాడు, రెండు చేతులతో తలుపు మీద పెట్టేవాడు, అంకె రాగానే "అరవై ఒకటి" అని షెడ్డంతా వినబడేలా చెప్పేవాడు. ఒక ఆదివారం సేటును అడిగి ఆ మీటరును గద్వాలకు కూడా తీసుకుపోయాను, ఇంట్లోవాళ్ళకు చూపిద్దామని. మా అమ్మ తన పట్టుచీరె తీసి, జరీ అంచు మీద పెట్టమంది. పెట్టిన ప్రతిసారీ ఒక్కో అంకె వచ్చింది. పోగులు ఎత్తుపల్లాలుగా ఉంటాయి, బట్టకు ఇది పనికిరాదు, గట్టిగా చదునుగా ఉన్నవాటికే అని నేను మళ్ళీ ఉపన్యాసం మొదలుపెట్టాను. అమ్మ మీటరు వీపు మీద చెయ్యి వేసి నిమిరింది. "గద్వాల జరీ మెరుపు తెల్వదా దీనికి? పాపం, మీ సేటును ఎవరో మోసం చేసిండ్రు," అంది. నాన్న నవ్వు ఆపుకుంటూ కండె చుట్టుకున్నాడు.

సగం బీరువాలు తయారై, కొలతలన్నీ యాభై ఎనిమిదీ అరవై ఒకటీ మధ్య పడి, అట్టలు చుట్టుకుని గోడవారన నిలబడేసరికి దసరా వచ్చింది. సెలవు మీద గద్వాల బయల్దేరుతూ రంగులన్నను పక్కకు పిలిచి చెప్పాను. పూజనాడు మీటరుకు బొట్టు పెట్టొద్దు, దాని కింద కన్ను ఉంటుంది, పసుపు అందులో పడితే పనికిరాకుండా పోతుంది అని. ఆయన తన నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, "మీటరును ముట్టుకుంటే ఒట్టు మేడం," అన్నాడు. పండుగనాడు మా ఇంట్లో మగ్గానికి పసుపు రాసి బొట్లు పెట్టాం. పోగును అటూ ఇటూ నడిపే నాడెకు నేనే నా చేత్తో బొట్టు పెట్టాను. ఈ సంగతి ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, ఆ తర్వాత జరిగినదానికి ఎవరి మీదా గట్టిగా అరవలేకపోయాను. ఆ హక్కు నాకు లేదు.

పండుగ అయ్యాక వచ్చి చూస్తే ఫ్యాక్టరీ అంతా బొట్లే. కంప్రెసర్‌కు బొట్టు, స్ప్రే గన్నుకు బొట్టు, బట్టీ తలుపుకు బొట్టు, చాయ్ కెటిల్‌కు కూడా బొట్టు. ఒక్క మీటరు మాత్రం నేను పెట్టిపోయినట్టే ఉంది. నా మాట విన్నందుకు రంగులన్నను అందరి ముందూ మెచ్చుకున్నాను. నల్ల అద్దం కూడా ఎన్నడూ లేనంత తళతళలాడుతోంది. సంతోషంగా మీటరును దాని మీద పెట్టి గుర్తుచేసి, ఆ పొద్దున బట్టీలోంచి వచ్చిన మొదటి తలుపు మీద పెట్టాను. ఎనభై రెండు.

పక్క తలుపు ఎనభై. ఇంకోటి ఎనభై మూడు. అదే రంగు, అదే పొడి, అదే మనిషి, అదే బట్టీ. దసరా తర్వాత మెరుపు పెరిగింది. రంగు అమ్మినవాడు డబ్బా మార్చాడని నేను ఫోనులో అతన్ని దులిపేశాను. (అతను ఒట్లు వేశాడు. అంకెలు అబద్ధం చెప్పవని నేను అతనికి పాఠం చెప్పాను. ఇప్పుడు ఎక్కడున్నాడో గానీ, నన్ను క్షమించాలి.) రంగులన్న వానగాలి మీదికి తోశాడు. సేటు బట్టీకి దిష్టి తగిలిందని నిమ్మకాయా మిరపకాయలూ కట్టించాడు. అవేవీ పనిచేయకపోతే, మెరుపు తగ్గించే పొడిని ఇంకొంచెం, ఇంకొంచెం కలుపుకుంటూ పోయాం. చివరికి మీటరు మీద అరవై వచ్చింది. షెడ్డంతా ఊపిరి పీల్చుకుంది. మిగతా సగం బీరువాలు ఆ పాళ్ళతోనే కొట్టేసి, అట్టలు చుట్టేసి, సరుకు చూసి పాసుచేసే హైదరాబాద్ సారుకు రమ్మని కబురు పెట్టాం.

సారు వచ్చే రోజు పొద్దున్నే నేను బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, సొరుగులోంచి సంతకం పెట్టిన రేకుముక్కను తీశాను. దాన్ని మధ్యలో పెట్టి, మీటరును పక్కన పెట్టి, మేమెంత పద్ధతిగలవాళ్ళమో చూపిద్దామని నా ఆలోచన. ఉత్తపుణ్యానికే మీటరును ఆ ముక్క మీద పెట్టి నొక్కాను. ఎనభై ఒకటి. ముక్కను తుడిచి మళ్ళీ పెట్టాను. ఎనభై ఒకటి. వెనక్కి తిప్పి చూశాను, యాభై తొమ్మిది అని వాళ్ళ రాత, వాళ్ళ సంతకం. మా అమ్మ చీరె పేటులో పడుకుని ఆ ముక్క మెరుపు పెంచుకుంటుందా? దుకాణం ఆయనకు ఫోన్ చేశాను. "అద్దం శుభ్రంగా ఉందా మేడం?" అన్నాడు. తళతళలాడుతోందని గర్వంగా చెప్పాను. "తళతళలాడితే చాలదు. వెలుగుకు అడ్డంగా వంచి చూడండి," అన్నాడు. వంచాను. దాని మీద, వానపడ్డ రోడ్డు మీద డీజిల్ చుక్క పడితే వచ్చేలాంటి రంగుల పొర. ఒక మూల సన్నగా పసుపు గీత. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొబ్బరినూనె వాసన.

"అన్నా, ఈ అద్దానికి ఏం జేసినవు?" అన్నాను. రంగులన్న నిశ్చింతగా, "ఏం జేయలే మేడం. బొట్టు పెట్టిన," అన్నాడు.

"వద్దని చెప్పిన గద అన్నా."

"మీటరుకు వద్దన్నవు. మీటరుకు పెట్టలే. పండుగపూట అన్నింటికీ పెట్టి దానికొక్కదానికి పెట్టకుంటే మంచిగుంటదా? అందుకే దాని బదులు అద్దానికి పెట్టిన. మల్ల నువ్వొస్తవని తుడిచిన గూడ. నీళ్ళు తగిలితే ఖరాబైతదని కొబ్బరినూనెతోని తుడిచిన. ఎంత మంచిగ మెరిసిందో నువ్వే సూస్తివి గద."

చూశాను. మెచ్చుకున్నాను కూడా. సబ్బునీళ్ళతో అద్దాన్ని కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, మీటరుకు మళ్ళీ గుర్తుచేసి, సంతకం ముక్క మీద పెట్టాను. యాభై తొమ్మిది. దసరాకు ముందు చేసిన బీరువాల అట్టలు విప్పి పెట్టాను. యాభై ఎనిమిది, అరవై. దసరా తర్వాత చేసినవాటి మీద పెట్టాను. నలభై మూడు. అప్పటికి గానీ విషయం నాకు పూర్తిగా అర్థం కాలేదు. కంటికి ఎంత తళతళలాడినా, నూనె పొర పట్టి పంతులుగారి అసలు మెరుపే తగ్గిపోయింది. అద్దం మీద రాసి ఉన్న మెరుపు అదేననుకుని మీటరు మిగతా అన్నింటికీ ఎక్కువ మార్కులు వేసింది. మేమేమో లేని మెరుపును చంపడానికి పొడి మీద పొడి కలిపి, సగం బీరువాలను బూడిద పూసుకున్నట్టు తయారుచేశాం. బయట సారు కారు ఆగిన చప్పుడయింది. సేటు దగ్గరికి పరుగెత్తి, "సేటూ, దసరా తర్వాతవి మసకగున్నయి," అని గొణిగాను. "ఎంత మసక?" అన్నాడు. "చానా," అన్నాను. ఆయన సిమెంటు దిమ్మె మీద కూలబడి, "మూడు కండ్లది కొంటే గిట్ల గాకపోవు," అన్నాడు. నాకు మాత్రం బస్సు కనబడుతోంది. మీటరు ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్న నేనూ కనబడుతున్నాను.

సారు మాటలు తక్కువ మనిషి. చాయ్ వద్దన్నాడు, నీళ్ళు వద్దన్నాడు. "నా మీటరుతోనే చూస్తాను," అని, సంచీలోంచి మాలాంటిదే ఒక మీటరు తీసి, దాని పెట్టెలోని అద్దం మీద ఒకసారి నొక్కి, పని మొదలుపెట్టాడు. మొదట దసరాకు ముందువి చూశాడు. "ఎనభై. ఎక్కువ. పక్కన పెట్టండి." ఇంకోటి. "డెబ్బై తొమ్మిది. ఎక్కువ." నాకు ఏమీ అర్థం కాలేదు. అవి మంచివి. తర్వాత బూడిద బీరువాల దగ్గరికి వెళ్ళాడు. నేను కళ్ళు మూసుకున్నాను. "యాభై ఎనిమిది. ఇవి బాగున్నాయి," అన్నాడు. కళ్ళు తెరిచాను. రంగులన్న నావైపు చూస్తున్నాడు. ఇప్పుడు ఏ మీటరును నమ్మాలి అని ఆ చూపు. నోరు మూసుకుని ఊరుకుంటే మసకవి పాసవుతాయి, మంచివి వాపసొస్తాయి. సగం వాపసొస్తే పెద్ద ఆర్డరు రాదు. నోరు తెరిస్తే మిగతా సగం కూడా పోవచ్చు, పైగా హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దమనిషి మీటరు తప్పని చెప్పాలి. అటైనా ఇటైనా బస్సే. కానీ ఒక్క సంగతి నన్ను నిలువనీయలేదు. ఆయన చదువుతున్న అంకెలు దాదాపు అన్నీ నిన్నటిదాకా మేము చదివినవే. ఈ జబ్బును నేను ఎరుగుదును.

సంతకం పెట్టిన ముక్కను రెండు చేతులతో ఆయన ముందు పెట్టి, "సార్, దీన్ని కూడా ఒకసారి చూడండి. మీవాళ్ళు పంపిందే," అన్నాను. ఆయన మీటరు పెట్టాడు. ఎనభై. ముక్కను వెనక్కి తిప్పి తమ సంతకం చూసుకున్నాడు, యాభై తొమ్మిది చూసుకున్నాడు. మళ్ళీ పెట్టాడు. ఎనభై. షెడ్డులో కంప్రెసర్ కూడా అప్పుడే ఆగింది. నా నోట్లోంచి ఒక మాట దానంతటదే జారింది.

"సార్, మీ దగ్గర ఆయుధపూజ చేస్తరా?"

సేటు దిమ్మె మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే కళ్ళు మూసుకున్నాడు. సారు తన మీటరు పెట్టె తెరిచి, అద్దాన్ని బయటికి తీసి, కిటికీ వెలుగుకు వంచాడు. దాని మీద గంధం తుడిచిన చారలు. మూలన కుంకుమ. ఆ మూలకే అంటుకుని, ఎండిపోయిన బంతిపూవు రేకు ఒకటి.

ఆయన మొహంలో హైదరాబాద్ మెల్లగా కరిగిపోయింది. "మాది కొల్లాపూర్ దిక్కు అమ్మా, సోమశిల తోవల," అన్నాడు. "పండుగకు ఇంటికి పోయిన. సంచీ ఆడ పెట్టి పండుకున్న. మా అమ్మకు సంచీ ఇప్పి సూసుడు అలవాటు." ఆగి, బంతిరేకును గోటితో తీసి, ఎక్కడ పారేయాలో తెలియక జేబులో వేసుకున్నాడు. "తెల్లారి సూసి, రుమాలుతోని తుడిచిన. పోయిందనుకున్న."

"మేము కొబ్బరినూనెతోని తుడిచినం సార్," అన్నాడు రంగులన్న, తోడికోడళ్ళు కూరల సంగతి చెప్పుకున్నంత ఆప్యాయంగా.

ముందు ఎవరు నవ్వారో గుర్తులేదు, సారే అనుకుంటాను. నాకు మాత్రం నవ్వుతో పాటు కళ్ళల్లో నీళ్ళొచ్చేశాయి, రంగు డబ్బా మీద కూర్చుండిపోయాను. ఆ తర్వాత సారూ నేనూ బయట కొళాయి దగ్గర పక్కపక్కన నిలబడి ఆయన అద్దాన్ని సబ్బునీళ్ళతో కడిగాం. కడిగాక ఆయన మీటరు కూడా సంతకం ముక్క మీద యాభై తొమ్మిదే చూపించింది. మంచివన్నీ పాసయ్యాయి. దసరా తర్వాతవాటి గురించి దాచకుండా అంతా చెప్పాను. ఆయన, "వీటిని మల్ల కొట్టుండ్రి. వచ్చే వారం వచ్చి సూస్త," అన్నాడు. పొద్దున నీళ్ళు కూడా వద్దన్న మనిషి మాతోపాటు కూర్చుని జొన్నరొట్టె తిన్నాడు, రెండోసారి కారం అడిగి వేయించుకున్నాడు. కారెక్కుతూ సేటు చెయ్యి పట్టుకుని, "ఈ సంగతి..." అని నసిగాడు. "ఏ సంగతి సారూ?" అన్నాడు మా సేటు. అంత గొప్ప మాట ఆయన నోటి నుంచి నేను అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు.

మసకవాటికి మళ్ళీ రంగు కొట్టాం, అవీ పాసయ్యాయి, దవాఖాన మొత్తం ఆర్డరూ మాకే వచ్చింది. బస్సు సంగతి సేటు మరిచిపోయాడు, నేను గుర్తుచేయలేదు. ఇప్పుడు అక్కడ నాలుగు షెడ్లున్నాయి, సేటు ముచ్చటపడ్డ మూడు కళ్ళ మీటరు కూడా ఉంది (రెండు కళ్ళు ఇప్పటికీ ఎక్కువగా మూసుకునే ఉంటాయి). రంగులన్న పని మానేసినా దసరాకు మాత్రం వచ్చి, అన్నింటికీ తన చేత్తో బొట్లు పెట్టి పోతాడు. ఆ చేతిని ఆపే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి, పండుగ సెలవుకు ముందు నేను నల్ల అద్దాన్ని అదే పాత చీరె పేటులో చుట్టి, నా సంచీలో వేసుకుని గద్వాలకు తీసుకుపోతాను. ఫ్యాక్టరీలో లేకపోతే బొట్టు బాధ లేదు కదా అని నా తెలివి. మొన్న దసరా మరునాడు సంచీ విప్పితే, అద్దం మీద నిండుగా పసుపు, మధ్యలో గుండ్రంగా కుంకుమ బొట్టు. అమ్మను పిలిచాను. "అన్నింటికీ పెట్టి, మన ఇంటికొచ్చిన దాన్ని బోసి మొకంతోని పంపుతనా?" అంది, చేతులు కొంగుకు తుడుచుకుంటూ. ఆ పాత నేనైతే ఏడ్చేదాన్ని, లేకపోతే దుమ్మూ వెలుగూ అంటూ ఉపన్యాసం ఇచ్చేదాన్ని. అంకెను తప్ప ఎవరినీ నమ్మని ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వుకున్నాను, కొంచెం జాలి కూడా వేసింది. బావి గట్టు దగ్గర కూర్చుని అద్దాన్ని సబ్బునీళ్ళతో మెల్లగా కడిగాను. సెలవయ్యాక ఫ్యాక్టరీకి వెళ్ళి, ఎవరితోనూ మాట్లాడకముందే మీటరుకు గుర్తుచేసి, సంతకం ముక్క మీద పెట్టి నొక్కాను. యాభై తొమ్మిది. ఆ తర్వాత చాయ్ తెప్పించుకున్నాను.